హనుమయ్య శ్రుతి

కాలవ కట్టేసిన వారంలో నాసిర్ గిటారు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. మళ్ళీ కాలవ వదిలేనాటికి మా నాన్న హార్మోనియం మా ఇంట్లో లేదు. ఈ రెంటి నడుమ గడిచిన ఎండాకాలం సంగతి ఇది.

మా వైపు ఏడాదిని క్యాలెండరు కన్నా కాలవే బాగా చెబుతుంది. మినుములు ఇల్లు చేరాక బ్యారేజీ దగ్గర నీళ్ళు ఆపేస్తారు. కాలవ అడుగు బయటపడి, బురద ఎండి, పెంకుల్లా పగులుతుంది. పిల్లలు అందులోనే వికెట్లు పాతుతారు. రైతుకి చేతినిండా ఖాళీ. పెళ్ళిళ్ళూ, నాటకాలూ, తగాదాలూ అన్నీ ఆ ఖాళీలోనే జరిగిపోవాలి. తొంభై ఎనిమిదిలో మా బ్యాండు కూడా ఆ ఖాళీలోనే పుట్టింది.

నేను ఇంటరు తప్పి పొలంలో పడ్డవాణ్ణి. ట్రాక్టరుకి జబ్బు చేస్తే బెజవాడ ఆటోనగర్‌లో అబ్దుల్ రవూఫ్ గారి లేత్ షాపుకి తోలుకుపోయేవాణ్ణి. నాసిర్ ఆయన కొడుకు. డిగ్రీ చదువుతున్నానని చెప్పి లేత్ దగ్గర నిలబడకుండా, షాపు వెనక రేకుల గదిలో గిటారు పెట్టుకు కూర్చునేవాడు. సామాను తయారయ్యేదాకా నాకూ వేరే పని ఉండేది కాదు. ఆ గదిలోనే ఒక మూల కూర్చుని ఖాళీ గ్రీజు డబ్బాల మీద వేళ్ళతో కొట్టుకుంటూ ఉండేవాణ్ణి. మా పొలంలో పాత ఆయిలింజను ఒకటి ఉంది. మూడు దెబ్బలు సాఫీగా కొట్టి, నాలుగోదాని దగ్గర ఊపిరి బిగబట్టి, ఆగిపోయిందేమో అనుకునేలోపల మళ్ళీ అందుకుంటుంది. చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడు పక్కన నిద్రపోయినవాణ్ణి కనుక నా వేళ్ళకి అదే వచ్చేది.

ఒకరోజు నాసిర్ గిటారు ఆపి నా వైపు తిరిగాడు. "నువ్వు వాయిస్తున్నావని నీకు తెలుసా?" అన్నాడు.

అంతకు ముందు నాకెవరూ ఆ మాట చెప్పలేదు. ఆ దెబ్బ ఎక్కడిదిరా అనీ అడిగాడు. ఏదో వచ్చిందిలే అన్నాను. పొలం ఇంజను అంటే నవ్వుతాడేమోనని చెప్పలేదు. ఆ దెబ్బ మీదే వాడు మొదటి పాట కట్టాడు. బ్రేకుల్లేని లారీ ఒకటి బందరు రోడ్డు మీద పడి పోతూ ఉంటుంది, ఆ లారీ వాడి మనసు. పాటంటే అంతే, కానీ గిటారు మీద అది పోయే పోకడకి ఒళ్ళు జలదరించేది.

మూడోవాడు కంకిపాడు అబ్రహాము. వాళ్ళ చర్చిలో ఆదివారం డ్రమ్ములు వాడే వాయిస్తాడు. కానీ వాడి మనసు మాత్రం లావు తీగల బేస్ గిటారు మీద. ఎవరో వాడి వదిలేసినది ఒకటి సంపాదించుకున్నాడు. దాంతో డ్రమ్ములు నాకు వచ్చాయి. ఆదివారం ప్రార్థన అయిపోయాక నా ట్రాక్టరు ట్రక్కులో తెచ్చుకోవడం, శనివారం సాయంత్రం తిరిగి అప్పజెప్పడం. వాళ్ళమ్మ మార్తమ్మ ఒక్కటే షరతు పెట్టింది, పెద్ద డ్రమ్ము మీద రాసివున్న చర్చి సంఘం పేరు చెరపకూడదని. మా బ్యాండుకి ఏదైనా ఇంగ్లీషు పేరు పెట్టాలని నాసిర్ తెగ ఆలోచించాడు గానీ, ఏ పేరు పెట్టినా ముందు సంఘం పేరే కనిపిస్తుంది కదా అని అబ్రహాము నవ్వేవాడు. చివరికి పేరు లేకుండానే ఉండిపోయాం.

వాయించుకోవడానికి చోటు లేదు. రవూఫ్ గారి షాపులో కుదరదు. ఆయనకి గిటారు కనిపిస్తేనే కోపం. మా ఇంటి వెనక కొట్టం ఖాళీగా ఉంది. మినుముల బస్తాలు వెళ్ళిపోయాయి, పురుగుమందు వాసన మాత్రం మిగిలింది. అక్కడికి రమ్మన్నాను. నా స్నేహితులు, నా డ్రమ్ములు, నా కొట్టం. నా సొంతమని చెప్పుకోగలిగింది నాకు అంతవరకు ఏదీ లేదు.

మొదటి సాయంత్రం నాసిర్ తీగలు సరిచేసుకోక ముందే, ఊరికే గొంతు ఎట్లా ఉందో చూసుకోవడానికన్నట్టు ఒక పాట ఎత్తుకున్నాడు. వాడు సొంతంగా రాసుకున్నది, నెమ్మదిగా నడిచేది. "నీళ్ళు లేని కాలవలో నీ ఊరికి నడిచొచ్చా" అని మొదలవుతుంది. మొదటి చరణం దాటకముందే కొట్టం గుమ్మంలో మా నాన్న నిలబడి ఉన్నాడు. చేతిలో పశువులకి కలిపే కుడితి బకెట్టు అట్లాగే ఉంది. పాట అయిపోయిందాకా దించలేదు.

మా నాన్న పేరు రామకోటేశ్వరరావు. ఊళ్ళో అందరూ హార్మోనియం కోటయ్య అంటారు. పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. హనుమయ్య అనే ఆయన రాజు వేషం కట్టి పద్యం అందుకుంటే, పక్కన మా నాన్న వాయిస్తుంటే, దివిసీమ నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చి చూసేవారని చెబుతారు. నాకు ఊహ తెలిసేసరికి హనుమయ్య పోయాడు. ఆ నెలలోనే నాన్న హార్మోనియం పెట్టెను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేశాడు. నేను చిన్నప్పుడు నేర్పమని అడిగాను. "స" అని పట్టమన్నాడు. పట్టాను. కాసేపు విని, వెళ్ళి ఆడుకో అన్నాడు. మళ్ళీ ఆ మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. మా ఇద్దరికీ మాటలు తక్కువ. నీళ్ళు పెట్టావా, పెట్టాను. ఎరువు చల్లావా, చల్లాను. అంతే.

ఆ సాయంత్రం నాన్న బకెట్టు కింద పెట్టి నాతో, "నిచ్చెన తెచ్చి పట్టుకో" అన్నాడు.

నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆయన అటక మీది నుంచి గోనెసంచి దించాడు. విప్పితే తిత్తిలో నుంచి బల్లి గుడ్డు పెంకులు రాలాయి. మీది కండువా తీసి తుడిచాడు. నా ఎదురుగానే, నేను ఇన్నేళ్ళు ముట్టుకోనైనా ముట్టుకోని మెట్ల మీద వేళ్ళు పెట్టి, నాసిర్‌ని పాడమన్నాడు. వాడు పాడాడు. నాన్న ఒక మెట్టు నొక్కాడు. గొంతూ పెట్టే ఒకదాన్నొకటి అందుకుని కొట్టమంతా నిండిపోయాయి. నాన్న కళ్ళు మూసుకున్నాడు. నేను ఇంకా నిచ్చెన పట్టుకునే ఉన్నాను.

నాసిర్ ఆ పెట్టెకే తన తీగలు సవరించుకున్నాడు, అబ్రహాము కూడా. డ్రమ్ములకి సవరించుకునేది ఏమీ లేదు.

తరవాత రోజూ అదే వరస. నాసిర్ రెండో రోజు నుంచే మా నాన్నని బాబాయ్ అన్నాడు. వాడు బెజవాడ నుంచి సిటీ బస్సులో దిగి ఇంకా వాకిట్లోకి రాకముందే నాన్న తలపాగా సర్దుకుని అరుగు మీద కూర్చునేవాడు. మా అమ్మ మణెమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ పిల్లాడు ఎండనబడి వచ్చాడని మజ్జిగ, వెళ్ళేముందు కోడిగుడ్డు అట్టు. నాకూ ఒకటి వేసేది, కాదనను. ముందు ఎవరి కంచంలో పడిందో నేను చూసేవాణ్ణి.

తాటిముంజల రోజులు. నాన్న గెల నరికి, కాయ చెక్కి, బొటనవేలితో ముంజె పైకి లేపి, నీళ్ళు కారిపోకుండా నాసిర్ అరచేతిలో పెట్టేవాడు. అబ్రహాముకీ ఇచ్చేవాడు. నా వాటా నేను తీసుకుతినేవాణ్ణి. ఇంట్లోవాణ్ణి గదా.

పద్యం ఎట్లా పట్టాలో నేర్పేవాడు. ఊపిరి ఎక్కడ దాచుకోవాలో చెప్పడానికి నాసిర్ వీపు మీద, డొక్క కింద అరచెయ్యి ఆనించి, "ఇక్కడ నుంచి లాగు" అనేవాడు. మా నాన్న చెయ్యి నా వీపు మీద పడిన సందర్భాలు వేరు. నాసిర్ స్వరాన్ని పైకి తీసుకుపోయి అక్కడ నిలిపి ఉంచితే, నాన్న ఒక్క వేలితో మెట్టు నొక్కి పట్టి, రెండో చేత్తో తిత్తి ఊదుతూ, వాడి మొహంలోకి చూస్తూ ఉండేవాడు. పద్యానికి తాళం ఉండదు. అంచేత ఆ వేళంతా నాకు పని లేదు. కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పని లేనివాడికి కళ్ళు బాగా పనిచేస్తాయి. నాన్న పెదాలు వాడితో పాటు కదలడం, వాడు దగ్గితే ఈయన గొంతు సవరించుకోవడం, అన్నీ కనిపించేవి.

లారీ పాట వచ్చినప్పుడు మాత్రం కర్రలకి పని పడేది. సరిగ్గా అప్పుడే నాన్న లేచి పశువుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

ఊళ్ళో మమ్మల్ని 'కోటయ్య గారి కుర్రాళ్ళు' అనడం మొదలుపెట్టారు. అందులో నువ్వూ ఉన్నావుగా అని నాతో ఒకరు అంటే, నువ్వు ఎట్లాగూ ఆయన కుర్రాడివేగా అన్నారు ఇంకొకరు.

ఆ మధ్య ట్రాక్టరు పిన్ను విరిగి ఆటోనగర్ వెళ్ళాల్సి వచ్చింది. రవూఫ్ గారు లేత్ ఆపి నాకు టీ తెప్పించారు. ఆయన సన్నగా, తెల్లగడ్డంతో, ఇనప రజనులో ముంచి తీసినట్టు ఉంటారు. నేను పని జరుగుతుంటే పక్కన నిలబడి, అడక్కుండానే దీపం అటు జరపడం, పట్టకారు అందించడం చూసి నాసిర్ వైపు తిరిగారు.

"దుర్గాప్రసాద్‌ని చూడరా. పొద్దస్తమానం నిలబడగలడు. నాకు అల్లా ఇట్లాంటి కొడుకునిస్తే ఈ పాటికి రెండో లేత్ వేసేవాణ్ణి."

నాసిర్ నవ్వాడు. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒరే దుర్గా, ఒక పని చేద్దాం. నువ్వు మా నాన్నని తీసుకో, నేను మీ నాన్నని తీసుకుంటా. నలుగురూ హ్యాపీ."

నాకు నవ్వు రాలేదు. వాడికీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. లోపల వాళ్ళ నాన్న నేను వదిలేసిన టీ గ్లాసు కడిగి బోర్లిస్తున్నారు. నాసిర్ అటే చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నిచ్చెన పట్టుకున్నప్పటి నుంచీ నేను చూస్తున్న చూపే. తెలిసినంత మాత్రాన నా కడుపుమంట తగ్గిందని చెప్పను.

మే నెలలో బెజవాడ గవర్నరుపేటలో ఒక రికార్డింగు గదికి వెళ్ళాం. అబ్రహాముకి తెలిసినవాళ్ళది. రెండు పాటలు క్యాసెట్టులోకి ఎక్కిస్తే కాలేజీ ఫంక్షన్లకి వినిపించుకోవచ్చని నాసిర్ ఆశ. గోడలకి పరుపులు కొట్టిన చిన్న గది. అక్కడ కీబోర్డు వాయించే ఆయన మా పాటకి వెనక కొంచెం నింపుతానన్నాడు. మొదలుపెట్టగానే గదిలో ఏదో పుల్లగా వినిపించింది. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ అంతే. ఆయన అద్దం అవతలి మనిషి వైపు చూసి నవ్వాడు.

"మీ గిటార్లు రెండూ ఒకదానికొకటి బాగానే ఉన్నాయి బాబూ. లోకంతోనే కుదరడం లేదు. దేనికి ట్యూన్ చేశారు?"

హార్మోనియానికి అన్నాడు నాసిర్. ఆ పెట్టె పాడైపోయిందన్నాడాయన. నెల పైగా మేం వాయించిందంతా ఏ శ్రుతికీ చెందకుండా, రెండు శ్రుతుల మధ్య సందులో నడుస్తోంది. తీగలు కీబోర్డుకి మార్చుకోండి, క్షణంలో పని అని ఆయన మంచిగానే చెప్పాడు. నాసిర్ మార్చుకున్నాడు. కానీ పాడితే గొంతు లేవలేదు. పైకి పోయేచోట చీలిపోతోంది, కిందికి దించితే గొణుగుతున్నట్టుంది. వాడి మొహం ఎర్రబడింది. నేను డ్రమ్ముల వెనక తల వంచుకుని కూర్చున్నాను. నా మొహంలో ఏముందో వాళ్ళు చూడకుండా ఉండడానికి. మా నాన్న నేర్పింది తప్పు. ఆ మాట నాకు చల్లగా, గొంతులోకి ముంజె నీళ్ళు దిగినట్టుగా దిగింది.

"మేం ఆ పెట్టెతోనే వాయిస్తామండీ" అన్నాడు నాసిర్ చివరికి. క్యాసెట్టు లేకుండానే బస్సెక్కాం.

ఇంటికొచ్చి వాడే నాన్నకి చెప్పాడు. నాన్న చిన్నబుచ్చుకుంటాడనుకున్నాను. ఆయన నవ్వాడు. పళ్ళు కనిపించేలా, భుజాలు కదిలేలా. మా నాన్న అట్లా నవ్వగలడని నాకు తెలియదు.

పెట్టె పాడవలేదన్నాడు. హనుమయ్య గొంతు నాలుగున్నర శ్రుతికీ అయిదు శ్రుతికీ నడుమ పడేదట. నాలుగున్నరకి పాడితే పద్యం బరువెక్కేది, అయిదుకి పాడితే మూడో అంకం దాటేసరికి గొంతు పూడిపోయేది. మనిషి గొంతు మార్చలేం గదా అని, నాన్న పెట్టె పట్టుకుని బెజవాడ వెళ్ళి, లోపలి ఇత్తడి రీడ్లన్నీ ఆకురాయితో గీయించి, ఆ నడుమ చోటికి దించుకొచ్చాడట. తరవాత ఆ పెట్టె ఇంకెవరి పాటకీ పనికిరాలేదు. హనుమయ్య పోయాక ఎవరెవరో నాటకాలకి పిలిచారు. వెళ్ళి ఏం చెయ్యను, అందుకే అటకెక్కించా అన్నాడు.

"ఇన్నాళ్ళకి నువ్వొచ్చి సరిగ్గా ఆ చోటే పట్టుకున్నావురా" అన్నాడు నాసిర్‌తో.

మా నాన్న ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే వినడం. ఆయన పెట్టె ఎందుకు ఎక్కించాడో తెలియక ఆ అటక కిందే పడుకుని నేను పెరిగాను. అమ్మకీ తెలిసినట్టు లేదు, చేట పక్కన పెట్టి వింటోంది.

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

నాన్న నా వైపు చూశాడు. నిజంగానే ఆలోచించి చెప్పినట్టు, "నువ్వడగలేదుగా" అన్నాడు.

నాసిర్ మాత్రం అడిగాడా? వాడు ఊరికే పాడాడు. ఆ మాట అనలేదు. లేచి వెళ్ళి డ్రమ్ములకి గుడ్డలు కప్పాను.

మే నెలాఖరున మా ఊళ్ళో నాటకం పెట్టించారు. సిమెంటు స్టేజీ, నాలుగు మైకులు. నాటకం మొదలయ్యే ముందు కాసేపు కోటయ్య గారి కుర్రాళ్ళకి ఇద్దామని కమిటీవాళ్ళు అన్నారు. అది మా మొదటి ప్రదర్శన. ఎండ తగ్గి, స్టేజీ ముందు నీళ్ళు చల్లి, జనం చాపలు పరుచుకుంటున్న వేళ. స్కూటరు మీద రవూఫ్ గారు కూడా వచ్చి, కుర్చీ వేస్తామన్నా వద్దని స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఆయన్ని చూశాక నాసిర్ సరిగ్గా ఉన్న తీగల్నే మళ్ళీ సవరించుకున్నాడు.

ముందు లారీ పాట. పిల్లలు ఎగిరారు. పెద్దవాళ్ళు చెవుల మీదికి కండువా లాక్కున్నారు. ఒకాయన లేచి, మైకు చెడిపోయిందని మైకు అబ్బాయిని కేకలేశాడు. పాట అయిపోతే చప్పట్లు రాలేదు. అబ్రహాము నా వైపు చూసి, పారిపోదామా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

అప్పుడు నాన్న పెట్టె ముందుకు జరిగాడు. నాసిర్ గిటారు మీది చెయ్యి తీసేసి, నెమ్మది పాట ఎత్తుకున్నాడు. నీళ్ళు లేని కాలవలో. నాన్న నేర్పినట్టే, పద్యంలా, తొందర లేకుండా. 'నడిచొచ్చా' దగ్గర పైకి తీసుకుపోయి నిలిపాడు. చాపలు పరిచేవాళ్ళు చాపలు పట్టుకుని ఆగిపోయారు. ముందు వరసలో ఒక ముసలాయన, "హనుమయ్యరా" అన్నాడు, ఎవరితోనూ కాదు.

పాట దిగగానే వన్స్‌మోర్ అని ఒక కేక. తరవాత నలుగురు, తరవాత ఊరంతా. మా నాటకాల్లో అది మామూలే. పద్యం నచ్చితే కథలో చచ్చిపోయిన రాజైనా లేచి మళ్ళీ పాడాల్సిందే. పట్నంలో పెరిగిన నాసిర్‌కి అది తెలియదు. ఇంకో పాట అడుగుతున్నారనుకుని మళ్ళీ లారీ పాటకి తీగలు పట్టుకోబోయాడు. నాన్న వేలు మెట్టు మీది నుంచి తియ్యలేదు. అదే స్వరం అట్లా మోగుతూ ఉంది. నాసిర్ తిరిగి చూసి, అర్థం చేసుకుని, మళ్ళీ మొదటి నుంచీ అందుకున్నాడు.

నేను కర్రలు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. ఆ ఇద్దరి మధ్య గాలి కూడా దూరదనిపించింది. రెండోసారి 'నడిచొచ్చా' దగ్గర వాడు స్వరం నిలిపాడు. అది ఎంతకీ దిగలేదు. ఎందుకో తెలియదు, నా చెయ్యి లేచింది. పెద్ద డ్రమ్ము మీద మెత్తగా, మా పొలం దెబ్బ. మూడు కొట్టి, నాలుగోదాని దగ్గర ఆగి, మళ్ళీ. తాళం లేని చోట తాళం వేశాను. అబ్రహాము బెదిరిపోయి చూశాడు. నాసిర్ స్వరం వదల్లేదు. నాన్న తల ఎత్తలేదు. తిత్తి ఊదే చెయ్యి మాత్రం నా దెబ్బ మీదికి వచ్చినట్టనిపించింది. వచ్చిందో, నేనే అట్లా అనుకున్నానో తేల్చుకునేలోపల పాట అయిపోయింది.

తరవాత జనమంతా నాసిర్ చుట్టూ. ముసలాయన వాడి గడ్డం పట్టుకుని ఏడ్చాడు. రవూఫ్ గారు స్టేజీ మెట్ల దగ్గర నిలబడి, కొడుకు దిగి వచ్చాక వాడి చొక్కా కాలరు సర్ది, వెనక గది ఖాళీ చేయిస్తాను, సామాను అక్కడ పెట్టుకోండి అని మాత్రం అన్నారు. మా నాన్న నా పక్క నుంచి వెళుతూ, "ఆ పిల్లాడు ఏమైనా తిన్నాడేమో కనుక్కో" అన్నాడు.

కనుక్కున్నాను. తినలేదు. తీసుకెళ్ళి పెట్టించాను.

జూన్ వచ్చింది. కొట్టంలోకి విత్తనాల బస్తాలు రావాలి. బ్యాండు ఆటోనగర్ మారింది. నాకు నారుమళ్ళ పని ఉన్నా ఆదివారాలు వెళ్ళేట్టు మాట్లాడుకున్నాం. డ్రమ్ములు ఆదివారం దేవుడివి కదా, నువ్వు గ్రీజు డబ్బాలే వాయించాలి అన్నాడు అబ్రహాము. సామాను ట్రక్కులో ఎక్కిస్తుంటే నాన్న గోనెసంచి లేకుండా, కొత్త దుప్పటి చుట్టి పెట్టె మోసుకొచ్చాడు.

"ఇది కూడా ఎక్కించు. వాడి దగ్గరుంటుంది."

ఇంట్లో ఉంచుకోవా అన్నాను.

"ఇంట్లో ఎవరు పాడతారు?"

పెట్టె అందుకున్నాను. అనుకున్నంత బరువు లేదు. ఆటోనగర్ దాకా దారి పొడుగునా గుంటల్లో ట్రాక్టరు ఎగిరినప్పుడల్లా, తిత్తిలో నుంచి ఏదో ఒక స్వరం బయటికి వచ్చేది. ఎవరూ నొక్కకుండానే. నేను గేరు మార్చి ఆ చప్పుడు వినిపించకుండా పోనిచ్చాను. నాసిర్ రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. వాడి మీద కోపం తెచ్చుకోవడానికి ఆ క్షణంలో కూడా ప్రయత్నించాను. పూర్తిగా రాలేదు. పూర్తిగా పోనూ లేదు.

కాలవ వదిలారని కబురు వచ్చిన పొద్దున నాన్నా నేనూ గట్టు మీదికి వెళ్ళాం. తొలినీరు వచ్చేటప్పుడు రైతులు ఎదురెళ్ళి చూడడం మా వైపు అలవాటు. నీళ్ళు ఒక్కసారిగా రావు. ముందు ఎండుటాకులూ, చెత్తా, నురగా తోసుకుంటూ, పగుళ్ళన్నీ ఒక్కొక్కటే నింపుకుంటూ, మనిషి నడిచినట్టుగా వస్తాయి. పిల్లలు వికెట్లు పీక్కుని గట్టెక్కారు. మేం మా తూము దగ్గర నిలబడ్డాం. పెట్టె లేని ఇల్లు ఎట్లా ఉందని ఆయన్ని అడగాలనిపించింది, అడగలేదు.

నాన్న చేతిలో పశువుల కర్ర ఉంది. నీళ్ళు వచ్చే వైపు చూస్తూ, ఏమీ తోచనివాడిలా ఆ కర్రతో తూము ఇనప తలుపు మీద కొడుతున్నాడు. కాసేపటికి గానీ నా చెవికి అందలేదు. మూడు దెబ్బలు సాఫీగా. నాలుగోదాని దగ్గర ఊపిరి బిగబట్టడం. ఆగిపోయిందేమో అనుకునేలోపల మళ్ళీ అందుకోవడం. లారీ పాట వచ్చినప్పుడల్లా పశువుల దగ్గరికి వెళ్ళిపోయిన మనిషి, పశువుల కొట్టంలో నిలబడి ఏం చేశాడో నాకప్పుడు తెలిసింది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

"మన ఇంజనేగా" అన్నాడు, నా వైపు తిరక్కుండా.

ఊఁ అన్నాను.

"వాళ్ళకి చెప్పావా?"

"లేదు. నాసిర్ అడిగాడు గానీ చెప్పలేదు."

నీళ్ళు మలుపు తిరిగి కనిపించాయి. నాన్న కర్ర ఆపాడు.

"చెప్పమాక" అన్నాడు.

కర్ర నా చేతికిచ్చి, తూము తలుపు ఎత్తడానికి వంగాడు.